వెండితెర కెక్కిన రైతుబిడ్డ

నిజాంసాగరపు కాలువనీటితో చెఱకు పండించిన ఎడపల్లి, బోధన్ సీమల రైతులకు భూస్వాముల దర్పమును, వెట్టిచాకిరి బాధయు తాతలనాటి ముచ్చటలుగ నేటికిని ఇండ్లలో వినబడుచునే యున్నవి గనుక, నిజామాబాదులో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను ఆంధ్ర మహాసభ జరిగిన 1937వ సంవత్సరమునకు రెండేండ్ల పిమ్మట మద్రాసు రాజధానిలో వెలువడిన 'రైతుబిడ్డ' చలనచిత్రము మనకు పరాయిది కానేరదు.

జమీందారీ రైతుల కష్టములపై ప్రకాశంపంతులుగారి సంఘము విచారణ జరిపిన దినములవి. 1938లో 'మాలపిల్ల'తో అస్పృశ్యతను ఎదిరించిన గూడవల్లి రామబ్రహ్మముగారు మరుసటి యేడే ఈ చిత్రమును తీసిరి. దీనిని నిర్మించిన సారథి సంస్థకు అండగా నిలిచినవారు స్వయముగ జమీందారులైన చల్లపల్లి రాజావారగుట నాకు ఎన్నటికిని ఆశ్చర్యమే!

అప్పుల పాలైన చిన్న రైతు నరసిరెడ్డి, ఎన్నికలలో దొరల పక్షమును కాదని రైతు పక్షమునకు ఓటు వేసి హింసల పాలగుట ఇందలి ఇతివృత్తము. ఆ పాత్రను ధరించినవారు బళ్లారి రాఘవగారు. రాగాలాపనలతో పద్యములను సాగదీయు నాటకపు పోకడను నిరసించి, పాత్ర మనోగతమును ముఖమునను, మాట విఱుపునను తెలుపుటయే నటనయని జీవితమంతయు వాదించిన ఆ మహానటునకు, కంటిచూపును సైతము దగ్గరగ పట్టి చూపగల కెమెరా తగిన తోడైనది. కొసరాజు పాటలలోని పల్లెపలుకును, వేదాంతం రాఘవయ్యగారి కూచిపూడి నృత్యమును ఆ కథలో ఒదిగినవి.

పేదల వెతలను తెరపై చూపు ఈ మార్గమున ముందు నడచినవారు స్వీడను దేశీయులు. 1913లో విక్టర్ షోస్త్రోమ్ తీసిన 'ఇంగెబోర్గ్ హోమ్' అను మూకీచిత్రమున, భర్త మరణింపగ అంగడి దివాలా తీసి పేదల ఆశ్రమము చేరిన తల్లి నుండి బిడ్డలను వేఱుచేసి పరుల యిండ్లకు పంపుదురు. కొంతకాలమునకు కడగొట్టు బిడ్డ తన్ను గుర్తింపకపోగా ఆమెకు మతి చలించును. హిల్డా బోర్గ్‌స్ట్రోమ్ ఆ దుఃఖమును ఆర్భాటము లేక అభినయించినది. కెమెరాయు తొందరపడక నిలిచి చూచినది. ఆ చిత్రము రేపిన చర్చ పేదల పోషణచట్టముల సంస్కరణకు దోహదమైనదందురు.

మన చిత్రమునకు దక్కినది నిషేధము. బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాధీశులు ఆగ్రహించిరి. పలుచోట్ల ప్రదర్శనలు నిలిచిపోయినవి. జమీందారీలను రద్దుచేయు చట్టము 1948లో వచ్చునప్పటికి రామబ్రహ్మముగారును, రాఘవగారును జీవించి లేరు. ఇరువురును 1946లోనే గతించిరి.