బరంపురంలో మా ఆదివారాలు

బ్యాంకు నుంచి రిటైరయ్యాక మా ఐదారుగురికి ఒక పని దొరికింది. ఆదివారం పొద్దున్నే బరంపురం నేత వీధులకు పోయి పెద్దల మాట ఫోనులో రికార్డు చేస్తాం, పాత ఇళ్ల మీది తెలుగు రాతలు ఫోటో తీస్తాం.

వి.వి. గిరిగారు 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. అప్పటికిది మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి ఊరు అటు వెళ్లింది. మనవాళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నారు. పట్టు మగ్గాలున్న ఇళ్లలో పడుగు, పేక, నాడె అన్న మాటలూ నిలిచాయి. ఇప్పుడు మగ్గంతో పాటే పోతున్నాయి.

నాడె ఎలా ఆడుతుందో చూపించమని ఒక తాతగారిని అడిగితే నవ్వారు. "మగ్గమేది బాబూ, పోయినేడే అమ్మీసినాం" అన్నారు. గాల్లోనే చెయ్యి ఆడిస్తూ ఒక్కొక్క పేరూ చెప్పారు. పక్కనున్న మనవడు ఆ పేర్లు కొత్తగా విన్నాడు.

ఇంకో వీధిలో ఒక ఇంటి గుమ్మం మీద తెలుగు రాత చూసి, వచ్చే వారం తీద్దాంలే అనుకున్నాం. వెళ్లేసరికి ఇల్లే లేదు. ఏ రోజు లెక్క ఆ రోజే ముయ్యాలని బ్యాంకులో ముప్ఫై ఏళ్లు నేర్చుకున్నవాణ్ణి, ఇక్కడ మర్చిపోయాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే అడగండి.