జనార్దన రెడ్డి - హైదరాబాదు రాష్ట్రం కేసు

జనార్దన రెడ్డి మరియు ఇతరులు వర్సెస్ హైదరాబాదు రాష్ట్రం అనునది తెలంగాణా సాయుధ పోరాటమునకు సంబంధించి ఉరిశిక్ష పడిన ఖైదీల విషయమై భారత సుప్రీం కోర్టు 1951 మార్చి 16న తీర్పు వెలువరించిన కేసు. న్యాయవాది లేకుండా జరిగిన విచారణ న్యాయమైన విచారణ అగునా అన్నది ఇందులోని ముఖ్యమైన ప్రశ్న. రాజ్యాంగము అమలులోనికి వచ్చిన తొలినాళ్ళలో ఈ ప్రశ్నను ఎదుర్కొన్న కేసులలో ఇది ఒకటి.

నేపథ్యము

1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానము మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నరుగా సైనిక పాలన క్రిందికి వచ్చినది. రజాకార్లపై మోపిన కేసులను, కమ్యూనిస్టులపై మోపిన కేసులను త్వరగా విచారించుటకు ముగ్గురేసి సభ్యులతో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఏర్పాటు చేయబడినవి. హత్య మొదలగు నేరములు చేసినారన్న అభియోగముపై ఈ ట్రిబ్యునళ్ళు 1949 ఆగష్టులో జనార్దన రెడ్డి మరియు ఇతరులకు ఉరిశిక్ష విధించినవి. వారి అప్పీళ్ళను హైదరాబాదు హైకోర్టు 1949 డిసెంబరులో కొట్టివేసినది. సుమారు ఆరు వారముల తరువాత, 1950 జనవరి 26న, భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చినది.

సుప్రీం కోర్టులో వాదనలు

ఖైదీలు మొదట సుప్రీం కోర్టులో అప్పీలు చేసుకొనుటకు ప్రయత్నించినారు. హైకోర్టు తీర్పు రాజ్యాంగము అమలుకు ముందే అంతిమమైనది గనుక దానిపై అప్పీలు వినుటకు తమకు అధికారము లేదని సుప్రీం కోర్టు 1950 డిసెంబరులో నిర్ణయించినది. తరువాత వారు రాజ్యాంగములోని 32వ అధికరణము క్రింద హెబియస్ కార్పస్ పిటిషన్లు దాఖలు చేసినారు. వీరి పక్షమున వాదించుటకు డి.ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ బ్రిటీషు న్యాయవాది భారతదేశమునకు వచ్చినాడు.

ప్రాణము పోవు కేసులో ముద్దాయిలకు న్యాయవాది సహాయము లభించలేదు గనుక విచారణ మొత్తము చెల్లదని ఖైదీల పక్షము వాదించినది. ఇందుకు అమెరికా సుప్రీం కోర్టు 1932లో పావెల్ వర్సెస్ అలబామా కేసులో ఇచ్చిన తీర్పు ప్రస్తావనకు వచ్చినది. ఆ కేసులో, సరియైన న్యాయ సహాయము లేకుండా విచారించి నల్లజాతి యువకులకు విధించిన మరణశిక్షలు రద్దు చేయబడినవి.

తీర్పు

జస్టిస్ ఫజల్ అలీ తీర్పు వ్రాసినాడు. అందులోని ముఖ్యాంశములు:

* న్యాయవాది లేనంత మాత్రమున విచారణ దానంతట అదే చెల్లకుండా పోదు. అమెరికా తీర్పులోని సూత్రమును ఇక్కడ యథాతథముగా నియమముగా స్వీకరించుటకు వీలులేదు.
* అయితే న్యాయ సహాయము లేక ముద్దాయి తీవ్రముగా నష్టపోయి, విచారణ న్యాయవిరుద్ధమైనదని తేలినచో జోక్యము చేసుకొను అధికారము అప్పీలు కోర్టుకు ఉన్నది.
* అధికారము గల న్యాయస్థానము విధించిన శిక్షను అనుభవించుచున్న వ్యక్తిని హెబియస్ కార్పస్ ద్వారా విడిపించుట సాధారణముగా సాధ్యము కాదు.

ఈ కారణములతో పిటిషన్లు కొట్టివేయబడినవి.

విమర్శ

ఈ రెండు నిర్ణయములను కలిపి చదివినప్పుడు ఒక చిక్కు కనిపించును. విచారణలోని లోపమును సరిదిద్దవలసినది అప్పీలు కోర్టు అని తీర్పు చెప్పినది. కాని రాజ్యాంగము అమలు తేదీ కారణముగా సుప్రీం కోర్టులో అప్పీలు మార్గము అప్పటికే మూసుకొనిపోయినది. ఆ విధముగా, న్యాయవాది లేనందున ముద్దాయిలు ఎంత నష్టపోయినారన్న విషయము సాక్ష్యాధారముల సహితముగా సుప్రీం కోర్టు అప్పీలు పరిశీలనకు రానేలేదు. మరొకవైపు, అప్పీలునకు, తిరిగి విచారణకు తేడా లేకుండా చేసినచో ముగిసిన ప్రతి కేసునూ రిట్ పిటిషన్ రూపములో మరల తెరువవలసి వచ్చునన్నది కోర్టు వైఖరికి అనుకూలమైన వాదన.

హబీబ్ మహమ్మద్ కేసుతో పోల్చినచో ఈ తేడా స్పష్టమగును. వరంగల్లు సుబేదారుగా పనిచేసిన ఆయనకు గూర్తూరు గ్రామములో 1947లో జరిగిన దుర్ఘటనకు సంబంధించి శిక్ష పడినది. ఆయన అప్పీలును సుప్రీం కోర్టు పూర్తిగా విని, ముఖ్యమైన సాక్షిని ప్రాసిక్యూషను ప్రవేశపెట్టకపోవుట వలన ముద్దాయికి అన్యాయము జరిగినదని 1953 అక్టోబరులో శిక్షను రద్దు చేసినది.

పర్యవసానము

జనార్దన రెడ్డి ప్రభృతుల ఉరిశిక్షలు అమలు కాలేదు. అవి యావజ్జీవ శిక్షలుగా మార్చబడినవి. అనగా వారి ప్రాణములను కాపాడినది న్యాయస్థానపు తీర్పు కాదు, ప్రభుత్వపు శిక్ష తగ్గింపు.

న్యాయ సహాయము విషయమున చట్టము క్రమముగా మారినది. 1973 నేర విచారణా స్మృతిలోని 304వ సెక్షను సెషన్సు కోర్టులలో బీద ముద్దాయిలకు ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఏర్పాటు చేయవలెనని నిర్దేశించినది. 1976లో 42వ సవరణ ద్వారా ఉచిత న్యాయ సహాయమును గూర్చిన 39-ఎ అధికరణము రాజ్యాంగములో చేర్చబడినది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో న్యాయ సహాయము 21వ అధికరణములో భాగమని సుప్రీం కోర్టు ప్రకటించినది. 1986లో సుఖ్ దాస్ కేసులో, ముద్దాయి అడుగకపోయినను ఆ హక్కును అతనికి తెలుపవలెనని, అట్లు చేయని విచారణ చెల్లదని తీర్పు చెప్పి శిక్షను రద్దు చేసినది. 2024 జులై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 341వ సెక్షనులో ఈ నియమము కొనసాగుచున్నది.

ఇవి కూడా చూడండి

* తెలంగాణా సాయుధ పోరాటము
* ఆపరేషన్ పోలో
* హెబియస్ కార్పస్