మోచేతి వైపు నుంచి రాకెట్ చరిత్ర

టెన్నిస్ రాకెట్ చరిత్ర ఎవరు చెప్పినా దాదాపు ఒకే తోవలో చెప్తారు. ముందు కొయ్య, తర్వాత స్టీలు, అల్యూమినియం, ఆ పైన గ్రాఫైట్. ఒక్కో మెట్టు ఎక్కిన కొద్దీ రాకెట్ తేలికవుతుంది, బంతి వేగం పెరుగుతుంది. ఈ కథలో బంతి ఉంది, ఛాంపియన్లు ఉన్నారు, ఇంజనీర్లు ఉన్నారు. రాకెట్‌ని పట్టుకున్న చెయ్యి మాత్రం ఎక్కడా కనపడదు. అదే కథని మోచేతి వైపు నుంచి చెప్పుకుంటే ఎలా ఉంటుందో చూద్దామని ఈ ప్రయత్నం. వారానికి రెండు మూడు రోజులు ఆడే మామూలు ఆటగాడిగా నాకిందులో కొంత స్వార్థం కూడా ఉంది. నలభై దాటిన నా తోటివాళ్ళలో ఆట మీద విసుగు పుట్టి మానేసినవాళ్ళు తక్కువ. మోకాలో మోచెయ్యో మొరాయించి మానేసినవాళ్ళే ఎక్కువ.

మనలో చాలామంది ‘టెన్నిస్ ఎల్బో’ అన్న మాట మొదటిసారి విన్నది 2004లో, అదీ క్రికెట్ వార్తల్లో. సచిన్ టెండూల్కర్ ఆ నొప్పితో మ్యాచ్‌లకి దూరమయ్యాడు, 2005 మే నెలలో లండన్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు. బరువైన బ్యాట్ వాడే క్రికెటర్‌కి టెన్నిస్ పేరున్న జబ్బేమిటని అప్పట్లో వింతగా అనిపించింది. నిజానికి ఈ పేరులో ఉన్న వింత అంతకన్నా పాతది.

1873లో రుంగే అనే జర్మన్ వైద్యుడు రాతపని చేసేవాళ్ళ చేతినొప్పి గురించి రాస్తూ మోచేతి బయటివైపు ఎముక దగ్గర పుట్టే ఈ బాధని వర్ణించాడు. ఆ మరుసటి ఏడు, 1874లో, ఇంగ్లండులో మేజర్ వింగ్‌ఫీల్డ్ లాన్ టెన్నిస్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1877లో మొదటి వింబుల్డన్ జరిగింది. 1882లో హెన్రీ మోరిస్ అనే సర్జన్, గుర్రపు స్వారీ చేసేవాళ్ళకి తొడలో వచ్చే బెణుకు గురించి ‘లాన్సెట్’ పత్రికలో రాస్తూ ‘లాన్ టెన్నిస్ ఆర్మ్’ని ప్రస్తావించాడు. 1883 నాటికి ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో అది ‘లాన్ టెన్నిస్ ఎల్బో’ అయింది. ఆట పుట్టి పదేళ్ళు తిరక్కుండానే దాని పేర ఒక జబ్బు స్థిరపడిపోయిందన్నమాట.

ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. సుత్తి పట్టేవాళ్ళకీ, బట్టలు పిండేవాళ్ళకీ, రోజంతా స్క్రూలు తిప్పేవాళ్ళకీ కూడా ఈ నొప్పి వస్తుంది. ఇవాళ్టికీ ఈ బాధతో డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఎన్నడూ రాకెట్ పట్టనివాళ్ళే. కాయకష్టంలో పుట్టే జబ్బుకి కాలక్షేపం పేరు పెట్టింది వైద్యం. నొప్పని చెప్పుకున్నది దొరలు కాబట్టి. రెండోది మన కథకి ముఖ్యం. 1883లో ఉన్నవన్నీ కొయ్య రాకెట్లే. ‘ఆ రోజుల్లో కొయ్య రాకెట్లు, చేతినొప్పులే తెలియవు’ అని క్లబ్బుల్లో పెద్దవాళ్ళు చెప్పే మాట విన్నప్పుడల్లా నాకు ఈ సంవత్సరం గుర్తొస్తుంది.

అసలు నొప్పి ఎక్కడ పుడుతుంది? మణికట్టుని వెనక్కి ఎత్తి పట్టే కండరాలు మోచేతి బయటివైపు ఎముకకి స్నాయువులతో అంటుకుని ఉంటాయి. బ్యాక్‌హ్యాండ్ కొట్టేటప్పుడు మణికట్టు కుంగిపోకుండా ఆపేది అవే. 1979లో నిర్షల్ అనే అమెరికన్ సర్జన్, మరో వైద్యుడితో కలిసి, ఆపరేషన్ చేసిన మోచేతుల్లోని కణజాలాన్ని పరిశీలించి, ఇది వాపు కన్నా అరుగుదల అని చూపించాడు. స్నాయువు తనని తాను బాగుచేసుకునే పని సగంలో ఆగిపోయి, పీచుపీచుగా తయారవుతుంది. ఒక్క దెబ్బతో వచ్చేది కాదు కనక తప్పు ఏ రోజు, ఏ దెబ్బదో తేల్చడం కష్టం. రాకెట్ మీద నిందలు వెయ్యడం, రాకెట్‌కి మహిమలు అంటగట్టడం – రెండూ ఇంత సులువుగా సాగడానికి కారణం ఇదే.

ఇప్పుడు కొయ్య రాకెట్ దగ్గరికి వద్దాం. 370 నుంచి 400 గ్రాముల బరువు, 65–70 చదరపు అంగుళాల ముఖం. అప్పట్లో మంచి రాకెట్‌కి వేసేది గట్. అంటే పశువుల పేగుల నుంచి తీసిన తీగ. ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన బాబొలా సంస్థ 1875 నుంచీ అదే తయారు చేస్తోంది. మన దగ్గర ఇవాళ నైలాన్ తీగ వేయించినా ‘గట్టింగ్ వేయించాను’ అంటాం. పేగు పోయినా పేరు మిగిలింది.

చేతికి ఈ బరువు మేలు చేసేది. టెన్నిస్ బంతి 58 గ్రాములుంటుంది. అది ఎదురొచ్చి తగిలినప్పుడు బరువైన రాకెట్ పెద్దగా వెనకడుగు వెయ్యదు, తేలికది ఠక్కున వెనక్కి తంతుంది. ఆ తన్ను పడేది పిడి మీద, పిడి నుంచి ముంజేతి మీద. పైగా కొయ్యా గట్టూ రెండూ మెత్తనివి, దెబ్బని కాస్త సాగదీసి అందిస్తాయి. మరి 1883 నాటి మోచేతులు ఎందుకు నొప్పిపెట్టాయి? ఒక కారణం ముఖం చిన్నది కావడం. బంతి నడిమధ్య తగలకపోతే రాకెట్ చేతిలో మెలి తిరుగుతుంది. ఆ మెలికని ఆపాలంటే పిడిని గట్టిగా బిగించి పట్టుకోవాలి. ఆ బిగింపుకి ఖర్చయ్యేది ఇందాకటి కండరాలే.

ఈ మెలికని పట్టించుకున్నవాడు హోవర్డ్ హెడ్. విమానాల తయారీలో పనిచేసిన ఇంజనీరు, లోహపు స్కీలు చేసి పేరూ డబ్బూ సంపాదించాడు. ఆ కంపెనీ అమ్మేశాక తీరిగ్గా టెన్నిస్ నేర్చుకోబోతే అంత తేలిగ్గా రాలేదు. బంతి పక్కకి తగిలినప్పుడల్లా రాకెట్ తిరిగిపోతోంది. ఒక వస్తువు మెలి తిరగకుండా ఎంత నిలబడుతుందన్నది దాని వెడల్పు వర్గాన్ని బట్టి ఉంటుంది. వెడల్పు పావు వంతు పెంచితే ఆ నిలకడ ఒకటిన్నర రెట్లవుతుంది. ఆ లెక్కతో అతను 110 చదరపు అంగుళాల ముఖంతో ప్రిన్స్ రాకెట్ చేశాడు. 1976లో అమెరికన్ పేటెంట్ వచ్చింది. జనం మొదట నవ్వారు. 1978లో పదహారేళ్ళ పామ్ ష్రైవర్ ఆ పెద్ద రాకెట్‌తోనే యూఎస్ ఓపెన్ ఫైనల్‌కి చేరింది. నా లెక్కలో మోచేతికి జరిగిన మొట్టమొదటి పెద్ద మేలు ఈ పెద్ద ముఖమే. అదీ ఛాంపియన్ల కోసం పుట్టింది కాదు, ఆట సరిగ్గా రాని ఒక పెద్దమనిషి చికాకులోంచి పుట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1979లో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హోవర్డ్ బ్రోడీ అనే భౌతికశాస్త్రవేత్త రాకెట్ మీద పరిశోధన పత్రాలు రాయడం మొదలుపెట్టాడు. అందరూ ‘స్వీట్ స్పాట్’ అనేది ఒకటి కాదు, మూడున్నాయని వివరించాడు. ఒక చోట తగిలితే ఫ్రేము అదరదు. ఒక చోట తగిలితే పిడి చేతిని తన్నదు. ఇంకో చోట బంతి అత్యధిక వేగంతో తిరిగి వెళ్తుంది. ఈ మూడూ ఒకే చోట ఉండవు. హాయిగా అనిపించే చోటు, బలంగా వెళ్ళే చోటు వేరువేరని దీని అర్థం. తర్వాత ముప్ఫై ఏళ్ళ వ్యాపారం ఇందులో రెండోదాన్నే ఎక్కువగా పట్టించుకుంది.

గ్రాఫైట్ వచ్చిన కొత్తల్లో అలా లేదు. 1983లో యానిక్ నోవా ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది కొయ్య రాకెట్‌తోనే. మగవాళ్ళ గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళలో కొయ్యకి అదే ఆఖరు. అదే కాలంలో మెకన్రో కొయ్య వదిలి డన్‌లప్ మాక్స్ 200జీకి మారాడు. తర్వాత స్టెఫీ గ్రాఫ్ ఆడిందీ దానితోనే. నైలాన్‌లో కార్బన్ నారల ముక్కలు కలిపి పోతపోసిన ఫ్రేము అది: బరువైనది, మెత్తనిది. అంటే కొత్త పదార్థంతో పాత గుణాలే తెచ్చుకోవచ్చని అప్పటికే రుజువైంది.

దారి మళ్ళింది 1987లో, విల్సన్ ప్రొఫైల్‌తో. జర్మన్ ఇంజనీరు క్యూబ్లర్ ఆలోచన అది. ఫ్రేము మందం అప్పటివాటికి దాదాపు రెట్టింపు. అంత మందం ఉంటే ఫ్రేము వంగదు. బంతి తీగల మీద ఉండేది సెకనులో వెయ్యో వంతులు ఐదు. కొయ్య ఫ్రేము సెకనుకి వందసార్లు ఊగుతుంది, ఒక్క ఊపుకి వెయ్యో వంతులు పది. అది వంగి తిరిగి వచ్చేలోపే బంతి వెళ్ళిపోతుంది, ఆ శక్తి ఫ్రేములోనే అదురుగా మిగిలిపోతుంది. గట్టి ఫ్రేము వంగదు కనక ఆ శక్తి బంతికే దక్కుతుంది. కాబట్టి గట్టి రాకెట్ నిజానికి తక్కువ అదురుతుంది. కానీ అదురు వేరు, కుదుపు వేరు. గట్టి ఫ్రేము కుదుపుని కరుగ్గా, ఒక్కసారిగా చేతికి అందిస్తుంది. తీగల మధ్య పెట్టే రబ్బరు ముక్క ఈ రెంటినీ ఆపలేదు. అది తీగల మోతని మాత్రమే ఆపుతుంది. మోత తగ్గితే నొప్పి తగ్గినట్టు అనిపించడం చెవి చేసే మాయ.

గట్టి ఫ్రేముకి బలం దానంతటదే వస్తోంది కనక, బరువు తగ్గించినా బంతి వెళ్తుందని కంపెనీలు కనిపెట్టాయి. ఇక్కడే అంగడి ప్రవేశించింది. దుకాణంలో రాకెట్‌ని బంతితో పరీక్షించం, గాల్లో ఊపి చూస్తాం. గాల్లో ఊపితే తేలికైనదే హాయి. బంతి తగిలినప్పుడు సంగతి తిరగబడుతుంది. ఊపేటప్పుడు మిగిలిన శ్రమ తాకేటప్పుడు వడ్డీతో కట్టాలి. పాశ్చాత్య దేశాల్లో క్లబ్బు ఆటగాళ్ళు తేలికైన గట్టి రాకెట్లు కొనుక్కుంటున్న అదే కాలంలో, పీట్ సంప్రాస్ 85 చదరపు అంగుళాల ప్రోస్టాఫ్‌కి సీసపు పట్టీలు అంటించి, దాదాపు 400 గ్రాములు చేసి ఆడేవాడు. ఆటని వృత్తిగా తీసుకున్నవాళ్ళు బరువు కలుపుకుంటూ ఉంటే, కండబలం లేని మనం బరువు వదిలించుకున్నాం.

తీగల్లోనూ అదే కథ. 1997లో కుయెర్టెన్ లుక్సిలాన్ అనే పాలియెస్టర్ తీగతో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. బంతిని ఎంత గట్టిగా బాదినా గిర్రున తిరిగి కోర్టులోనే పడేట్టు చేసే తీగ. అది గట్టిది, బిగువు త్వరగా కోల్పోయి చచ్చుబడుతుంది. ప్రొఫెషనల్స్ మ్యాచ్ మ్యాచ్‌కీ కొత్త గట్టింగ్ వేయించుకుంటారు. మనం ఆర్నెల్లు లాగిస్తాం. ఫెదరర్ నిలువు తీగలకి గట్, అడ్డ తీగలకి పాలియెస్టర్ వేయించుకునేవాడు. రెంటి మంచీ తీసుకునే ఉపాయం.

ఇప్పటి రాకెట్లని పోల్చాలంటే ఇదంతా తెలియాలి. 1994లో వచ్చిన బాబొలా ప్యూర్ డ్రైవ్, 2019లో వచ్చిన విల్సన్ క్లాష్ తీసుకోండి. రెంటికీ 100 చదరపు అంగుళాల మోడల్ ఉంది. తీగలు లేకుండా బరువు ఒకటి 300 గ్రాములు, ఇంకొకటి 295. ముఖ్యమైన తేడా గట్టిదనంలో. దాన్ని కొలిచే ‘ఆర్ఏ’ అంకె ప్యూర్ డ్రైవ్‌కి 70 చుట్టూ, క్లాష్‌కి 55 చుట్టూ ఉంటుంది. ఈ తరహా గట్టిదీ మెత్తదీ రెండు రాకెట్లకి ఒకే గట్టింగ్ వేయించి నేను కొన్నాళ్ళు మార్చి మార్చి ఆడాను. గట్టిదానితో సర్వీసు అడక్కుండానే లోతుగా పడేది, వాలీలో బంతి ఎటు పోతోందో స్పష్టంగా తెలిసేది. మెత్తదానితో బంతి తీగల మీద ఇంకో క్షణం ఆగినట్టుండేది. ఆలస్యంగా అందుకున్న బ్యాక్‌హ్యాండ్ కూడా కరుగ్గా తగిలేది కాదు. ఆ ఆలస్యపు బ్యాక్‌హ్యాండే కదా మోచేతికి యముడు. తర్వాత మెత్తదానికే తల దగ్గరా పిడి దగ్గరా కొన్ని గ్రాముల సీసం కలిపి, పాలియెస్టర్ తీసేసి, బిగువు తగ్గించాను. బిగువు తగ్గితే బలం పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది. అదుపు కొంత పోతుంది, దానికి ప్రాక్టీసే మందు. పిడి మందం గురించి నిర్షల్ చెప్పిన కొలత – అరచేతి గీత నుంచి ఉంగరపు వేలి కొస దాకా – చాలాకాలం వేదంలా చెలామణీ అయింది. 2006లో చేసిన ఒక పరిశోధనలో పిడి కాస్త పెద్దదైనా చిన్నదైనా ముంజేతి కండరాల శ్రమలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. చేతికి కుదిరిందే కొలత.

టెన్నిస్ నియమాల పుస్తకం రాకెట్ పొడవు 73.7 సెంటీమీటర్లు, వెడల్పు 31.7 సెంటీమీటర్లు మించకూడదంటుంది. బరువుకి హద్దు లేదు, గట్టిదనానికి లేదు. ఆ నియమాలు ఆట స్వభావాన్ని కాపాడటానికి పుట్టాయి, చేతిని కాపాడటం వాటి పని కాదు. 1883లోనే పేరు పెట్టించుకున్న మోచెయ్యి ఇవాళ్టికీ ఆ పుస్తకంలోకి ఎక్కలేదు. ఆ నియమం ఎవరికి వాళ్ళే రాసుకోవాలి. నేను రాసుకున్నది చిన్నదే: రాకెట్‌ని గాల్లో ఊపి కొనకూడదు, గంటసేపు ఆడి, మర్నాడు పొద్దున నిండు నీళ్ళచెంబు ఎత్తి చూసి కొనాలి.