వింటేజ్ ఫెస్టివల్: బరోసా లోయలో ఒక కోత పండుగ చరిత్ర

సంక్రాంతి ఏ సంవత్సరంలో మొదలైందో ఎవరూ చెప్పలేరు. ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో జరిగే ద్రాక్షకోత పండుగకు మాత్రం పుట్టిన సంవత్సరం ఉంది: 1947. పండుగ పుట్టిన తేదీ తెలిసినప్పుడు చరిత్ర విద్యార్థి వేయవలసిన మొదటి ప్రశ్న, 'అప్పుడే ఎందుకు?'

1. వలస

బరోసా లోయ దక్షిణ ఆస్ట్రేలియా రాజధాని అడిలైడ్‌కు ఈశాన్యంగా ఉంది. ఈ నేల పెరమాంక్, గడ్జురి, కౌర్న ఆదివాసీలది. ప్రష్యా రాజు చర్చిలను బలవంతంగా కలపడాన్ని వ్యతిరేకించిన లూథరన్లు 1838 నుంచి దక్షిణ ఆస్ట్రేలియాకు వలస వచ్చారు. వారిలో కొందరు 1842లో ఈ లోయలో బెథనీ గ్రామాన్ని స్థాపించారు. జర్మన్ పద్ధతిలో పొగబెట్టిన సాసేజ్‌లు, సోయికూర వేసి ఊరబెట్టిన దోసకాయలు, పైన తీపి పొడి చల్లి కాల్చిన కేకులు వారి ఇళ్ల వంటలు. ద్రాక్ష, వైన్ క్రమంగా లోయకు ప్రధాన ఆధారమయ్యాయి.

2. అనుమానం

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ శత్రుదేశమైంది. మూడు తరాలుగా అక్కడే సేద్యం చేస్తున్నవారు ఒక్కసారిగా పరాయివారయ్యారు. 1917లో లూథరన్ పాఠశాలలను మూసివేశారు. అదే సంవత్సరం చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలో 69 జర్మన్ స్థలనామాలను మార్చారు. బరోసాలోని కైజర్‌స్టూల్ శిఖరానికి, భారతదేశంలో సర్వసైన్యాధిపతిగా పనిచేసిన కిచెనర్ పేరు పెట్టారు. పాత పేరు తిరిగి రావడానికి 1975 వరకు ఆగవలసి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ మూలాలవారిపై అనుమానం మళ్లీ తలెత్తింది.

3. పండుగ

ఆ యుద్ధం ముగిసిన రెండేళ్లకు వింటేజ్ ఫెస్టివల్ మొదలైంది. సాధారణంగా రెండేళ్లకొకసారి, ద్రాక్షకోత ముగిసే శరదృతువులో దీనిని జరుపుతారు. ఊరేగింపులు, ద్రాక్ష తొక్కే పోటీలు, స్థానిక వంటలు, వైన్ ఇందులో ముఖ్యం. నిన్నటి వరకు అనుమానానికి కారణమైన జర్మన్ వారసత్వం ఇక్కడ లోయకు గర్వకారణంగా వీధిలోకి వచ్చింది. 'మేము ఈ నేలవాళ్లమే' అన్న మాటను వారు పంట ద్వారా చెప్పారని అర్థం చేసుకోవచ్చు. అయితే ఆ నేల అసలు యజమానులైన ఆదివాసీల ప్రశ్న అందులో మరుగున పడిందని కూడా గమనించాలి.

4. తోటల తొలగింపు

పండుగ ఉన్నంత మాత్రాన పంటకు రక్షణ ఉండదు. 1980లలో ద్రాక్ష దిగుబడి గిరాకీని మించిపోయింది. తీగలు పెరికివేసే రైతులకు ప్రభుత్వం డబ్బు చెల్లించింది. ఎన్నో ముదురు షిరాజ్ తీగలు అలా నాశనమయ్యాయి. ఐరోపా తోటలను 19వ శతాబ్దంలో ధ్వంసం చేసిన ఫిలాక్సెరా పురుగు ఈ ప్రాంతానికి సోకలేదు. పురుగు ముట్టని తీగలను మార్కెట్ పెరికించింది. ఆ తరువాత ముదురు తీగల వైన్‌కు విలువ పెరిగింది. 2009లో బరోసా వైన్ వర్గాలు తీగలను వయసును బట్టి 35, 70, 100, 125 ఏళ్ల శ్రేణులుగా గుర్తించడం ప్రారంభించాయి.

5. సారాంశం

కోత పండుగ ప్రాచీన ఆచారమే కానవసరం లేదు. ఒక సమాజం తన స్థానాన్ని నిరూపించుకోవలసి వచ్చినప్పుడు కూడా పండుగ పుడుతుంది. అందుకే వంటకాల జాబితాను కూడా చారిత్రక ఆధారంగా చదవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1917 నాటి చర్యలకు, 1947 నాటి పండుగకు గల సంబంధాన్ని వివరించండి.
2. మీ ప్రాంతంలో ఇటీవలి కాలంలో మొదలైన ఒక ఉత్సవాన్ని తీసుకొని, అది ఎప్పుడు, ఎందుకు మొదలైందో పరిశీలించండి.