పొగగొట్టం లేని కాలుష్యం: ఉక్కు నగరంలో ఓజోన్

1912లో తొలి ఉక్కును అందించిన జంషెడ్‌పూర్‌లో కాలుష్యం అనగానే పొగ, ధూళి గుర్తుకొస్తాయి. నేలకు దగ్గరగా ఉండే ఓజోన్ మాత్రం ఏ గొట్టం నుంచీ నేరుగా వెలువడదు. ఇతర వాయువుల నుంచి గాలిలోనే తయారవుతుంది కనుక దీనిని ద్వితీయ కాలుష్యకారకం అంటారు.

వాహనాలు, కొలుముల నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌ను సూర్యకాంతి విడగొడుతుంది. వేరుపడిన ఆక్సిజన్ పరమాణువు ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది. మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ను తిరిగి హరిస్తుంది. లెక్క అక్కడితో సరిపోవాలి. కానీ పెట్రోలు ఆవిర్లు, కోక్ బట్టీల నుంచి వచ్చే బెంజీన్ వంటి కర్బన పదార్థాలు గాలిలో ఉంటే ఈ సమతుల్యం చెడి, ఓజోన్ పేరుకుపోతుంది. అందుకే ఎండ తీవ్రంగా ఉన్న మధ్యాహ్న వేళల్లో దీని మోతాదు హెచ్చుతుంది. విచిత్రమేమంటే, రద్దీ రహదారిపై కంటే గాలివాలున ఉన్న పల్లెల్లోనే ఇది ఎక్కువగా ఉండవచ్చు. పైరు ఆకులకూ హాని తప్పదు.

2009 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో ఓజోన్ 8 గంటల సగటున 100 మైక్రోగ్రాములు, గంట సగటున 180 మైక్రోగ్రాములు మించరాదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం లక్ష్యాలు మాత్రం ధూళికణాల చుట్టూనే తిరుగుతున్నాయి. రోడ్లపై నీళ్లు చల్లితే ధూళి అణుగుతుంది గానీ ఓజోన్ తగ్గదు. గుడ్డ మాస్కు కూడా ఈ వాయువును ఆపలేదు. ఉబ్బసం ఉన్నవారు, ఆరుబయట శ్రమించే కూలీలు బరువైన పనులను ఉదయానికి మార్చుకోవడం మేలు.