ఆపదలో అక్కరకు వచ్చిన పాఠం: బమ్మెర నుంచి తిరువయ్యారు దాకా

ఆపద మీదపడినప్పుడు మనిషికి కొత్త మాటలు దొరకవు. ఎప్పుడో నేర్చుకున్నవే నోటికి వస్తాయి. గజేంద్రమోక్ష కథకు కీలకం ఇదే. సంస్కృత భాగవతం అష్టమ స్కంధంలో మొసలికి చిక్కిన ఏనుగు చేసే స్తోత్రం అప్పటికప్పుడు అల్లినది కాదు, పూర్వజన్మలో అభ్యసించినది. ఆ జన్మలో అతడు ఇంద్రద్యుమ్నుడనే పాండ్యరాజు. వేకువనే లేచి ఈ కథను పఠిస్తే దుస్స్వప్నాలు శమిస్తాయని మూలంలోనే ఫలశ్రుతి ఉంది. కష్టకాలంలో దీనిని పారాయణ చేసే ఆచారానికి అదొక ఆధారం.

15వ శతాబ్దంలో బమ్మెర పోతన ఈ ఘట్టాన్ని పెంచి తెలుగు చేశాడు. ఆయన ఏనుగు వేదాంతం చెప్పి ఊరుకోదు. అందరూ ఉన్నాడనే దేవుడు నిజంగా ఉన్నాడా అని అనుమానపడుతుంది. ఒంట్లో సత్తువ సడలిందని ఒప్పుకుంటుంది. ఆ తరువాతే శరణు అంటుంది. సందేహాన్ని ప్రార్థన వెలుపల నిలబెట్టకపోవడమే ఈ పద్యాల బలమని మేము భావిస్తున్నాము. అక్షరం రాని ఇళ్లలో కూడా అవి కంఠస్థంగా నిలిచాయి.

17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ము భద్రాచలం గుడికి వెచ్చించాడన్న నేరంపై గోలకొండలో బందీ అయ్యాడు. అప్పటి ప్రభువు తానీషా (పాలన 1672–1687). చెరలో పాడినవిగా ప్రసిద్ధికెక్కిన రామదాసు కీర్తనల్లో వేడుకోలు ఉంది, నగల ఖర్చు లెక్కచెప్పి నిలదీయడమూ ఉంది. ఆ పాటలు భజన గోష్ఠుల వెంట దక్షిణాదికి చేరాయి.

తంజావూరులో తెలుగుకు అప్పటికే పాదు కుదిరింది. నాయకరాజుల కాలంలో (1532–1673) ఆస్థానభాషగా వెలిగిన తెలుగును తరువాతి మరాఠా ప్రభువులూ ఆదరించారు. ఆ నేలమీదే త్యాగరాజు (1767–1847) జీవించాడు. ఆయన బాల్యంలోనే, 1781లో, హైదర్ అలీ సేనలు కావేరి సీమను పాడుబెట్టాయి. ఆ సీమ కష్టమెరిగినది.

దేవగాంధారి రాగంలోని ఆయన ‘క్షీరసాగర శయన’ కీర్తనను ఈ వరుసలో చూడాలి. గజేంద్రుణ్ణి కాచినది, ద్రౌపదికి చీరలిచ్చినది, రామదాసు చెర విడిపించినది, సీతకోసం సముద్రం దాటినది: ఒక్కొక్కటే చెప్పి ప్రతిసారీ ‘విన్నాను’ అంటాడు. చూశాను అనడు, చదివాను అనడు. పురాణపాత్రల పక్కన వంద సంవత్సరాల కిందటి గోల్కొండ ఖైదీని నిలబెట్టి, ఇక నన్నూ దయతో ఏలుకొమ్మంటాడు. పాత సాక్ష్యాలు చూపి తన మొర వినిపించుకోవడం ఇది. ఇంద్రద్యుమ్నుడు ఏనుగై గుర్తుచేసుకున్న పాఠం లాగే ఇదీ వినికిడి వల్ల నిలిచిన పాఠమే.

తెలుగునాటికి దూరంగా పెరిగిన మీలో చాలామంది ఈ కీర్తనలను తమిళ లిపిలోనో కన్నడ లిపిలోనో రాసుకుని నేర్చుకుని ఉంటారు. అందులో చిన్నతనమేమీ లేదు. లిపి పోయినా వినికిడి ఉన్నంతకాలం పాఠం నిలుస్తుంది. వినికిడి పోతే మాత్రం ఆపద వేళ మన నోటికి వచ్చేందుకు మన మాట ఒక్కటీ మిగలదు. మీ ఇంట పెద్దలు కష్టకాలంలో చదువుకునే పద్యం ఏదో అడగండి. ఏ లిపిలోనైనా సరే, రాసి పెట్టుకోండి.