తెర మీది మాట, పెదవి మీది మాట



రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వస్తుంటే, ఆ సంభాషణలకు మనమూ పెదవులు కదిపిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఈనాటి పిల్లలు సెల్‌ఫోను ముందు చేస్తున్నదీ అదే. కాకపోతే ఆ గొంతు ఒక్కోసారి సినిమాది కాదు, పాత వీడియో గేముది. ఆ కథ కొంచెం చెప్పుకుందాం.

1989లో జపానులో టోవాప్లాన్ అనే కంపెనీ 'జీరో వింగ్' అనే ఆటను తయారుచేసింది. తర్వాత దాన్ని టీవీకి తగిలించి ఆడుకునే సెగా యంత్రానికి మార్చినప్పుడు, మొదట్లో ఒక చిన్న సన్నివేశం చేర్చారు. అందులో శత్రునాయకుడు, "మీ స్థావరాలన్నీ మా వశమయ్యాయి" అని బెదిరించాలి. ఐరోపాకు పంపిన ఇంగ్లీషులో ఆ వాక్యం కాళ్లూ చేతులూ విరిగి, "ఆల్ యువర్ బేస్ ఆర్ బిలాంగ్ టు అజ్" అయి కూర్చుంది. ఆటలో దానికి గొంతు కూడా లేదు, తెర మీద అక్షరాలే. 1994లో కంపెనీ మూతపడింది. 2001లో అభిమానులు ఆ మాటకు సంగీతమూ, యంత్రం పలికినట్టుండే గొంతూ జోడించారు. ఆ వీడియో ఇంటర్నెట్టులో లోకమంతా తిరిగింది.

2004లో వచ్చిన 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్' ఆటలో మాత్రం నిజమైన గొంతే ఉంది. అయిదేళ్ల తర్వాత తల్లి అంత్యక్రియలకు ఊరికి వచ్చిన కథానాయకుడు, "అబ్బ, మళ్లీ మొదలైంది" అనే అర్థంలో మోటుగా ఒక నిట్టూర్పు విడుస్తాడు. పదిహేనేళ్లకు, 2019లో, ఆ నిట్టూర్పును జనం పరీక్షలకూ సోమవారం పొద్దుటికీ తగిలించుకున్నారు.

ఇదంతా ఎలా జరుగుతుంది? 2014లో వచ్చిన డబ్‌స్మాష్, ఆ తర్వాతి టిక్‌టాక్ వంటివి గొంతును బొమ్మ నుంచి విడదీశాయి. ఒకరు పెట్టిన ధ్వనిని ఒక్క మీట నొక్కి ఎవరైనా తీసుకోవచ్చు. మాట పొట్టిగా, ఏ సందర్భానికైనా అతికేలా ఉంటే చాలు. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. అలవాటు మాత్రం రీల్స్‌లోకి మారి నిలిచింది. తోలుబొమ్మలాటలో తెర వెనక గొంతు బొమ్మను ఆడిస్తుంది. ఇక్కడ మనిషే బొమ్మ.

నేను కన్నడ బడిలో తెలుగు పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి. ఒక కుర్రవాడు వ్యాసంలో భోజనానికి బదులు 'ఊట' అని రాశాడు. వాళ్లింట్లో అనేది అదే. ఎర్రసిరాతో దిద్ది, పైకి చదివి వినిపించాను. తరగతి నవ్వింది, నేనూ నవ్వాను. ఆ తర్వాత వాడు తరగతిలో తెలుగు నోరు విప్పలేదు. విరామంలో మాత్రం ఎవరి గొంతుకో పెదవులు చక్కగా కదిపేవాడు.

విరిగిన వాక్యాన్ని చూసి లోకం నవ్వినా, అది రాసినవాడికి ఆ నవ్వు వినిపించలేదు. నా నవ్వు వాడికి వినిపించింది.

శ్రోతలారా, మీ ఇంట అవ్వో తాతో ఉంటే, వారు మాట్లాడే తెలుగును మీ పిల్లల చేత ఫోనులో పట్టించండి. ఆ గొంతుకు పెదవి కలపమనండి. తర్వాత ఫోను పక్కన పెట్టించి, సొంత గొంతుతో చెప్పమనండి. తప్పు దొర్లితే దిద్దండి కానీ, నవ్వకండి.

సెలవు.